12 మొక్కజొన్న లైన్లు, 66 జంటలు: డీఎన్‌ఏ పరీక్ష ఎంతవరకు పనికొస్తుంది?

ప్రశ్న: మా రైతు సంఘం ఆరు తరాలు స్వపరాగ సంపర్కం చేసి 12 మొక్కజొన్న ఇన్‌బ్రెడ్ లైన్లు తయారు చేసుకుంది. రెండేసి కలిపితే 66 సంకరాలు. అన్నీ వేసేంత పొలం లేదు. డీఎన్‌ఏ పరీక్ష చేయిస్తే ఎక్కువ దిగుబడినిచ్చే జంట తెలుస్తుందా?
– ఒక రైతు, పలమనేరు, చిత్తూరు జిల్లా

జవాబు: దిగుబడి తెలియదు. ఏ జంటలు కలపడం దండగో మాత్రం తెలుస్తుంది. పొలం తక్కువున్న మీకు అదీ ఆదాయే.

ఎస్‌ఎస్‌ఆర్ మార్కర్ల పరీక్ష అడగండి. డీఎన్‌ఏలో రెండు మూడు అక్షరాలు పదేపదే వచ్చే చోట్లు ఇవి. ఎన్నిసార్లు వస్తాయన్నది లైన్‌ను బట్టి మారుతుంది కాబట్టి జెల్ (డీఎన్‌ఏ ముక్కలను పొడవును బట్టి విడదీసే జిగురు పలక) మీద వాటి పట్టీ పైకో కిందికో జరుగుతుంది. మొక్కజొన్నకు 10 జతల క్రోమోజోములు. ఒక్కోదానికి నాలుగు చొప్పున 40 మార్కర్లుంటే మీ అవసరానికి చాలు. 36 చోట్ల పట్టీలు ఒకే ఎత్తులో ఉంటే ఆ రెండు లైన్లు అక్కాచెల్లెళ్లే. వాటిని కలిపితే హైబ్రిడ్ బలం పెద్దగా రాదు.

నమూనాల దగ్గరే ఎక్కువ చెడుతుంది. విత్తిన 12–15 రోజులకు లేత ఆకు తీయాలి. ముదురు ఆకులోని పిండిపదార్థాలు, ఫినాల్స్ వల్ల డీఎన్‌ఏ జిగురుగా, గోధుమరంగులో వచ్చి పీసీఆర్ (డీఎన్‌ఏ ముక్కకు లక్షల నకళ్లు తీసే పద్ధతి) పనిచేయదు. తడి ఆకును పాలిథిన్ కవరులో వేసి బస్సులో పంపితే తిరుపతిలోని ల్యాబ్‌కు చేరేలోపే కుళ్లుతుంది. కాగితం కవరులో పెట్టి, ఐస్ పెట్టెలో తీసుకెళ్లండి. పది మొక్కల ఆకులు కలిపి నూరొద్దు, ఒక్క కల్తీ మొక్క అందులో మరుగున పడిపోతుంది. లైన్‌కు ఐదారు మొక్కలు, విడివిడిగా.

ఒకే మొక్కలో రెండు పట్టీలు కనిపిస్తే ఆ చోట లైన్ ఇంకా స్థిరపడలేదన్నమాట. ఆరు తరాల తర్వాత మొదట్లో ఉన్న మిశ్రమంలో 64వ వంతే మిగలాలి. 40లో ఐదు చోట్ల రెండేసి కనిపిస్తే బయటి పుప్పొడి పడిందని అనుమానించాలి. పీచు బయటికొచ్చాక కంకికి కవరు తొడిగితే జరిగేది ఇదే.

పట్టీలు పోలినవాటిని ఒకచోట చేరిస్తే లైన్లు మూడు గుంపులయ్యాయనుకోండి. గుంపుకు మంచివి రెండు తీసుకుని, వేరే గుంపువాటితోనే కలిపితే 12 సంకరాలే. పట్టీల్లో తేడా ఎక్కువున్న జంటే గెలుస్తుందని లేదు. ఈ మార్కర్లలో చాలావాటికి దిగుబడితో సంబంధం ఉండదు. అందుకే డీహెచ్‌ఎం 117 అనే మొక్కజొన్న హైబ్రిడ్‌ను పోలికకు పెట్టి, మూడు పునరావృతాల్లో (ఒక్కో సంకరాన్ని మూడు మడుల్లో వేసి), రెండు సీజన్లు పొలంలో చూడాల్సిందే.

సంకర విత్తనం మొలకెత్తాక కొన్ని మొక్కల ఆకు పరీక్షించండి. తల్లి, తండ్రి పట్టీలు రెండూ ఉండాలి. తల్లి పట్టీ ఒక్కటే ఉంటే ఆడ వరుసల్లో జల్లు (మగపూత) తీయడం ఆలస్యమైనట్టు.