170 సెంటీమీటర్లు, 71 కిలోలు: అగ్నివీర్ మెడికల్ లోపు బరువు దిగేదెలా?

తమ్ముడు అడిగింది ఇదీ: ఊరు పలమనేరు పక్కన, వయసు 19, ఎత్తు 170, బరువు 71, నడుము 91 సెంటీమీటర్లు. అగ్నివీర్ (సైన్యంలో నాలుగేళ్ల కొలువు) భర్తీ ర్యాలీకి మూడు నెలలుంది. చివరి వారం నీళ్లు మానేసి, ఆవిరి పట్టి దిగిపోవచ్చా?

ఆ పని మాత్రం చెయ్యొద్దు. మూడు నెలలుంటే దాంతో అవసరమే లేదు.

ముందు లెక్క. అగ్నివీర్ నోటిఫికేషన్లో ఎత్తుకూ వయసుకూ తగ్గ బరువు, ఆర్మీ మెడికల్ పాలసీ ప్రకారం అని ఉంటుంది. ఆర్మీ పట్టిక కావాలంటే యూపీఎస్సీ ఎన్‌డీఏ (నేషనల్ డిఫెన్స్ అకాడమీ) నోటిఫికేషన్ వెనక పేజీల్లో చూడు. అది బీఎంఐ (కిలోల బరువును మీటర్లలో ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే వచ్చే అంకె) లెక్క మీద కట్టింది: కనీసం 18, ఇరవై ఏళ్లలోపు గరిష్ఠం 22, ఇరవై నుంచి ముప్ఫై వరకు 23. అంటే నీకు 52 నుంచి 63.6 కిలోలు. ఈలోపు ఇరవై నిండితే 66.5. "నాది జిమ్ కండ సార్" అనే మాట పనికిరాదు. బాడీబిల్డింగ్, కుస్తీ, బాక్సింగ్‌లో జాతీయ స్థాయి కాగితాలుంటేనే మినహాయింపు, అప్పుడు కూడా బీఎంఐ 25 లోపు, నడుము 90 సెంటీమీటర్ల లోపు, నడుము-తుంటి నిష్పత్తి 0.9 లోపు ఉండాలి.

నువ్వు 63కి గురి పెట్టుకో. పన్నెండు వారాల్లో 8 కిలోలు, వారానికి సుమారు 670 గ్రాములు. ఇంతకన్నా వేగంగా దిగితే కొవ్వుతో పాటు కండ కూడా పోతుంది, పరుగులో కాళ్లు ఆడవు.

తూకం రోజూ పొద్దున్నే, దొడ్డికి వెళ్లొచ్చాక, ఏమీ తినకముందు, ఒకే కాటా మీద, గట్టి నేల మీద పెట్టి చూడు. ఒక్కరోజు అంకెను పట్టించుకోవద్దు. ఉప్పు ఎక్కువైనా మర్నాడు కిలో పెరిగినట్టు చూపిస్తుంది. ఏడు రోజుల సగటు రాసుకో. నడుము టేపు చివరి పక్కటెముకకూ తుంటి ఎముక పైఅంచుకూ మధ్యలో, మామూలుగా ఊపిరి వదిలాక పెట్టాలి. పొట్ట లోపలికి బిగిస్తే నిన్ను నువ్వే మోసం చేసుకున్నట్టు.

తిండి దగ్గరే మనవాళ్లు ఎక్కువ తప్పుతారు. సంగటి తింటే సన్నబడతామని నమ్మకం. సంగటిలోనూ బియ్యముంది, రాగిపిండి కూడా గ్రాముకు గ్రాము దాదాపు బియ్యమంత శక్తినే ఇస్తుంది. కడుపు ఎక్కువసేపు నిండుగా ఉంటుంది కాబట్టి మంచిదే, కానీ ముద్ద ఒక్కటే, నీ పిడికిలికి కాస్త పెద్దది. అసలు చిక్కు పక్కనున్న ఊరిబిండిలో (చెనక్కాయ పచ్చడి), తీరిక వేళ నమిలే చెనక్కాయల్లో ఉంది. 100 గ్రాముల చెనక్కాయ విత్తనాల్లో 560 కేలరీలు దాకా ఉంటాయి. నువ్వు రోజుకు తగ్గించాల్సింది సుమారు 700. ఊరిబిండి రెండు చెంచాలకు ఆపెయ్. రెండేసి చెంచాల చక్కెరతో నాలుగు టీలు తాగితే 160 కేలరీలు, చక్కెర తీసెయ్.

మాంసకృత్తులు మాత్రం రోజుకు 100 గ్రాములకు తగ్గకూడదు: నాలుగు గుడ్లు, 150 గ్రాముల చికెన్, అర లీటరు పాలు లేదా పెరుగు, పచ్చివి తూచిన ఉలవలు 50 గ్రాములు, కందిపప్పు 50 గ్రాములు. నూనె రోజంతటికీ మూడు చిన్న చెంచాలు.

పరుగు 1.6 కిలోమీటర్లు, అంటే 400 మీటర్ల ట్రాక్‌లో నాలుగు రౌండ్లు. 5 నిమిషాల 30 సెకన్లలో ముగిస్తే 60 మార్కులు. రౌండుకు 82 సెకన్లు. మొదటి నాలుగు వారాలు మట్టి నేల మీద నెమ్మదిగా 30 నిమిషాలు చాలు. ఈ బరువుతో సిమెంటు రోడ్డు మీద వేగంగా కొడితే పిక్క ముందు ఎముక నొప్పి పట్టి రెండు వారాలు పోతాయి. తర్వాత వారానికి ఒకరోజు 400 మీటర్లు ఆరుసార్లు, ఒక్కోటి 85 సెకన్లలో, మధ్య రెండు నిమిషాలు ఆగి. తిరుపతి దగ్గర ఉన్నరోజు శ్రీవారి మెట్టు 2,388 మెట్లు ఎక్కు; దిగేటప్పుడు బస్సు పట్టు, మోకాళ్లకు దెబ్బ దిగడంలోనే.

పుల్ అప్స్ పదికి 40 మార్కులు. బరువు దిగేకొద్దీ ఇవి వాటంతటవే పెరుగుతాయి, కానీ వారానికి మూడుసార్లు కడ్డీ వదలొద్దు. ఛాతీ కూడా కొలుచుకుంటూ ఉండు: 77 సెంటీమీటర్లు, గాలి పీలిస్తే ఇంకో 5 పెరగాలి. కొవ్వు కరిగితే ఛాతీ కొలత కూడా దిగుతుంది, పుషప్స్ మానేసినవాళ్లు ఇక్కడే ఇరుక్కుంటారు.

నాలుగు వారాల సగటు కదలకపోతే ఒంట్లో ఏదో ఉందనుకోకముందు వారంపాటు తిన్నది తూచి రాయి. అదీ సరిగ్గా ఉంటే అప్పుడు థైరాయిడ్ పరీక్ష.

ఇక ఆవిరి సంగతి. ర్యాలీలో మొదట పరుగు, మెడికల్ ఆ తర్వాత. నీళ్లు ఎండగట్టుకున్న ఒంటితో పరుగెత్తితే మూడో రౌండులో పిక్కలు పట్టేస్తాయి, నాడి దడదడలాడుతుంది. మూత్రం పోయించే మాత్రలు పొటాషియాన్ని కూడా లాగేస్తాయి, గుండె లయ తప్పొచ్చు. చివరి మూడు రోజులు ఉప్పు, పీచు కాస్త తగ్గించు, నీళ్లు మామూలుగానే తాగు. తూకం రోజు పొద్దున రెండు ఇడ్లీలు, గ్లాసు నీళ్లు, కాటా ఎక్కేముందు ఒకసారి మూత్రానికి వెళ్లిరా.