ఆఫీసు భోజనాల దగ్గర ఫుట్‌బాల్ మాటలు: నెదర్లాండ్స్‌కు కొత్తగా వచ్చినవారికి

గ్రోనింగెన్‌లో కొత్తగా ఉద్యోగంలో చేరిన ఒక సోదరుడు, మధ్యాహ్నం భోజనాల దగ్గర అందరూ ఫుట్‌బాల్ మాట్లాడుకుంటుంటే క్రికెట్ తప్ప తెలియని తాను మౌనంగా కూర్చోవలసి వస్తోందని, ఏం చేయమంటారని అడిగారు.

మొత్తం ఆటను ఒకేసారి నేర్చుకోవాలని ప్రయత్నించకండి. ఒక్క ఆటగాడి గురించి శ్రద్ధగా తెలుసుకోండి. మీరున్న ఊళ్లో ఆ ఆటగాడు ఆర్యెన్ రాబెన్. పేరును ‘అర్జెన్’ అనకుండా ‘ఆర్యెన్’ అని పలకండి. ఆయన 1984 జనవరి 23న బేడుమ్‌లో పుట్టారు. గ్రోనింగెన్‌లో డెల్ఫ్‌జైల్ రైలెక్కితే దారిలో తగిలే చిన్న ఊరది. 16 ఏళ్లకే ఎఫ్‌సీ గ్రోనింగెన్ జట్టులోకి వచ్చి, ఆ తరువాత పీఎస్‌వీ, చెల్సీ, రియల్ మాడ్రిడ్, బాయర్న్ మ్యూనిక్ జట్లకు ఆడి, నాలుగు దేశాల లీగ్ టైటిళ్లు గెలిచారు. దేశం తరఫున 96 మ్యాచ్‌లలో 37 గోల్స్ చేశారు.

ఆయన ఎడమకాలి వాటం ఆటగాడైనా కుడి అంచున ఆడేవారు. గీత పక్కనుంచి బంతితో వస్తూ, చిన్న చిన్న అడుగులతో ఒక్కసారిగా లోపలికి తిరిగి, ఎడమకాలితో గోల్ దూరపు మూలకు కొట్టేవారు. అలాగే చేస్తారని ఎదుటి ఆటగాడికి ముందే తెలుసు. అయినా ఆ మలుపు ఏ అడుగున వస్తుందో పసిగట్టేలోపే బంతి దాటిపోయేది. ఒక పాత మ్యాచ్ వీడియో పెట్టుకుని బంతిని వదిలేసి ఆయన కాళ్లనే చూడండి, నా మాట అర్థమవుతుంది.

ఇక్కడివారి మనసులో మాత్రం గెలుపులకన్నా 2010 ప్రపంచకప్ ఫైనలే ఎక్కువగా మిగిలింది. స్పెయిన్‌పై 62వ నిమిషంలో సహచరుడు స్నైడర్ పంపిన బంతితో ఆయన స్పెయిన్ గోల్‌కీపర్ కాసియాస్‌కు ఒంటరిగా ఎదురుపడ్డారు. కొట్టిన బంతి కాసియాస్ కాలికి తగిలి పక్కకు పోయింది. అదనపు సమయంలో స్పెయిన్ ఆటగాడు ఇనియెస్టా గోల్‌తో నెదర్లాండ్స్ ఓడింది. 2012లో, యూరప్ క్లబ్‌ల పెద్ద పోటీ అయిన చాంపియన్స్ లీగ్ ఫైనల్లో, అదీ సొంత మైదానం మ్యూనిక్‌లోనే, బాయర్న్ తరఫున ఆయన కొట్టిన పెనాల్టీని చెల్సీ గోల్‌కీపర్ పీటర్ చెక్ ఆపేశాడు. కొద్ది రోజులకే అదే మైదానంలో నెదర్లాండ్స్ తరఫున ఆడుతున్న ఆయనను బాయర్న్ అభిమానులే ఈలలతో అవమానించారు. మరుసటి ఏడాది అదే పోటీ ఫైనల్లో, లండన్‌లోని వెంబ్లీలో, డార్ట్‌ముండ్ జట్టుపై 89వ నిమిషంలో ఆయన చేసిన గోలే బాయర్న్‌కు కప్పు తెచ్చింది.

మీ ఊరివారు ఆయనను అంతగా ప్రేమించడానికి మరో కారణం ఉంది. 2019లో ఆట మానుకున్న మనిషి, కరోనా కాలంలో తన మొదటి క్లబ్‌కు అండగా నిలవాలని 2020లో తిరిగి వచ్చారు. తొలి లీగ్ మ్యాచ్‌లోనే గాయపడి నెలల తరబడి దూరమైనా, 2021 మేలో ఎమెన్ జట్టును 4-0తో ఓడించిన ఆటలో రెండు గోల్స్‌కు బంతి అందించారు. ఆ జూలైలో శాశ్వతంగా విరమించారు.

భోజనాల దగ్గర ఇవన్నీ అప్పజెప్పకండి. “2010 ఫైనల్ మీరు ఎక్కడ చూశారు?” అని పక్కవారిని అడగండి. నేను అడిగినప్పుడు మా పొరుగింటి పెద్దాయన కాఫీ కప్పు పక్కన పెట్టి లేచి నిలబడి, ఆ బంతి కాసియాస్ కాలికి ఎక్కడ తగిలిందో తన చెప్పు మీద వేలు పెట్టి చూపించారు.