గుమ్మడి పాదుకు పూలన్నీ రాలిపోతున్నాయి, పిందె ఎందుకు నిలవడం లేదు?

మొదట్లో రాలేవి మగపూలు, అవి కాయలు కావు కాబట్టి రాలడం సహజమే. గుమ్మడికి మగపూలు, ఆడపూలు విడివిడిగా పూస్తాయి. సాధారణంగా మగపూలే ముందు వస్తాయి. ఆడపువ్వు కింద బుల్లి పిందె ఉంటుంది, మగపువ్వుకు ఉత్త కాడే. ఆ పిందె కూడా పండుబారి రాలుతుంటే చాలాసార్లు పుప్పొడి అందలేదనే అర్థం. కోనసీమలో ముసురు పట్టిన రోజులే చూడండి, తేనెటీగలు పెద్దగా తిరగవు. అప్పుడు ఉదయం 8 గంటలలోపే, పూలు ముడుచుకోకముందే, మగపువ్వు కోసి రేకులు తీసేసి, పుప్పొడిని ఆడపువ్వు మధ్యలో అద్దండి. (ఆనప పాదుకైతే ఈ పని సాయంత్రం చేయాలి, ఆ పూలు అప్పుడే విచ్చుకుంటాయి.) చాలామంది బలం చాలలేదనుకుని యూరియా వేసేస్తారు. దయచేసి వేయకండి, తీగా ఆకులే పెరిగి కాపు ఇంకా వెనకపడుతుంది.