సిరోంచలో వాలింది అట్లాస్ కాదు, దసలి పట్టు చిమ్మెట

మహారాష్ట్రలోని సిరోంచలో మీ వరండా లైటు కింద వాలిన జానెడు చిమ్మెట అట్లాస్ జాతిదేమోనని అడిగారు. మీరు పంపిన ఫొటోను బట్టి అది దసలి పట్టు చిమ్మెట, శాస్త్రీయ నామం ఆంథెరియా మైలిట్టా. అట్లాస్ రెక్కల మీద పారదర్శకమైన మచ్చ ముక్కోణంగా ఉండి, ముందు రెక్క కొస పాముతల ఆకారంలో వంగి ఉంటుంది. మీదానికి నాలుగు రెక్కల మీదా ఒక్కొక్క గుండ్రని కన్నులాంటి మచ్చ, దాని నడుమ పలుచని పారదర్శక పొర ఉన్నాయి. మీసాలు సన్నగా ఉన్నాయి కాబట్టి ఇది ఆడదే. మగదాని మీసాలు ఈకల్లా వెడల్పుగా ఉంటాయి. రంగొక్కటే చూసి తేల్చడం మాత్రం నాకు నమ్మకం లేని పద్ధతి. దగ్గరలో మద్దిచెట్టుంటే కొమ్మలు వెతకండి: గట్టి కాడతో, కొమ్మ చుట్టూ ఉంగరంలా బిగిసి వేలాడే పట్టుగూడు దొరికితే ఇక సందేహం అక్కరలేదు. చిమ్మెటకు చక్కెర నీళ్లు పెట్టకండి. రెక్కలొచ్చాక ఈ జాతి ఏమీ తినదు.