అడిలైడ్ దగ్గర ఆలివ్ చెట్లు: మంచి నూనె రావాలంటే?

ఆస్ట్రేలియాలోని అడిలైడ్ శివార్లలో కొన్న స్థలంలో ఎనభై ఆలివ్ చెట్లున్నాయి, వానలు అంతంతమాత్రం, వీటితో మంచి నూనె తీయగలమా అని అడిగారు. తీయగలరండీ. మేమూ ఇక్కడే అరవై చెట్లను తొమ్మిదేళ్ళుగా చూసుకుంటున్నాం.

నీళ్ళ గురించి మరీ టెన్షన్ పడకండి. ఇక్కడ ఏడాది వాన మన అనంతపురం వానకు దాదాపు సమానం, 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. కాకపోతే అది చలికాలంలో (ఇక్కడ జూన్ నుంచి ఆగస్టు) పడుతుంది, కాయ ఎదిగే ఎండాకాలమంతా (డిసెంబర్ నుంచి ఫిబ్రవరి) పొడి. కాబట్టి డ్రిప్ వేయించండి. అక్టోబర్, నవంబర్లలో పూతా పిందే ఉన్నప్పుడు నీటికి లోటు రానివ్వకండి. తర్వాత టెంక గట్టిపడే రోజుల్లో కొంచెం తగ్గించినా చెట్టు తట్టుకుంటుంది. ఫిబ్రవరి నుంచి కాయలో నూనె చేరుతుంది, అప్పుడు మళ్ళీ పెంచాలి. కోత దగ్గర పడ్డాక మాత్రం ఎక్కువ పెట్టొద్దు. కాయ నీరు పట్టి, మిల్లులో నూనె సరిగ్గా విడిపోదు.

మా నూనె చెడింది మాత్రం నీళ్ళ వల్ల కాదు. మొదటి ఏడాది శని, ఆదివారాలు కోసి, గోనెసంచుల్లో నింపి షెడ్డులో పెట్టాం. బుధవారం మిల్లుకు తీసుకెళ్దామని సంచిలో చెయ్యి పెడితే వెచ్చగా తగిలింది. అడుగు కాయలు చెమ్మగిల్లి, పులిసిన వాసన. నూనెలోకీ అదే వాసన వచ్చింది, ఇక పోలేదు. అప్పటి నుంచి టమాటాలకు వాడేలాంటి రంధ్రాల ట్రేలలోనే పోస్తున్నాం. పొద్దున కోసినవి సాయంత్రానికల్లా మిల్లులో ఉంటాయి.

కాయ పూర్తిగా నల్లబడేదాకా ఆగకండి. ఆకుపచ్చ నుంచి ఊదా రంగుకు తిరుగుతుండగా కోస్తే నూనె కాస్త తక్కువే వస్తుంది, కానీ గొంతులో మిరియం నమిలినట్టు ఘాటుగా తగులుతుంది. ఆ ఘాటు కాయలో సహజంగా ఉండే పాలీఫినాల్స్ అనే పదార్థాలది, నూనె త్వరగా పాడవకుండా కాపాడేవి అవే. ఎక్స్‌ట్రా వర్జిన్ (అన్నిటికన్నా మేలు రకం) అనాలంటే నూనెలో ఆమ్లత్వం 0.8 శాతం దాటకూడదు, రుచిలో, వాసనలో ఏ దోషమూ ఉండకూడదు.

మా నాన్నగారు ఊళ్ళో మన చేలోనూ వేద్దామంటే వద్దన్నాను. పూత రావాలంటే ఆలివ్‌కు చలికాలంలో చలి తగలాలి, అనంతపురం వైపు అంత చలి ఉండదు.

మిల్లు స్లాట్ మార్చిలోనే మాట్లాడుకోండి. చిన్న లాట్లను విడిగా ఆడతారా, కాయలు నూరిన ముద్ద వేడిని 27 డిగ్రీలు దాటనివ్వరా అని ముందే అడగండి.