రెండో వరుసలో నిలబడ్డ మనిషికి ఒక నవల

అమ్మాయీ,

నీ కొత్త మిస్టరీ నవలలో నువ్వు పంపిన 60 పేజీలూ రెండుసార్లు చదివాను. మొదటిసారి ఊరికే, రెండోసారి ఎర్ర పెన్సిల్ పట్టుకుని. మెచ్చుకోళ్ళు తర్వాత. ముందు 41వ పేజీ సంగతి చూద్దాం.

అంతవరకూ నీ రికార్డు రూమ్ ఆవిడ ఎంత బాగా నడిచిందో! నీ మూడు గూఢచారి నవలల్లోనూ ఆవిడకి దక్కినవి పట్టుమని పది పేజీలుండవు. అయినా పాఠకులు ఆవిడనే గుర్తుపెట్టుకుని "ఆవిడకో నవల రాయండి" అని నీ వెంటపడ్డారంటే ఎందుకో ఈ 40 పేజీలు చదివితే తెలుస్తోంది. తీరా 41వ పేజీలో నీ హీరోగారు కారు దిగారు. ఆయన దిగీ దిగగానే ఆవిడ లేచి టీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్ళిపోయింది. నేను వెటకారంగా అనడం లేదు, నువ్వే రాశావు, చూసుకో.

ఈ తప్పు నాకు కొత్త కాదు. చాలా ఏళ్ళ కిందట ఒక వారపత్రికలో నా గూఢచారి సీరియల్ నడిచాక, అందులోని డ్రైవర్‌తో విడిగా ఒక మిస్టరీ మొదలుపెట్టాను. పదకొండు వారాలు హాయిగా సాగింది. పన్నెండో వారం సంపాదకుడు "హీరో ఎక్కడ అని ఉత్తరాలు వస్తున్నాయమ్మా, ఒక్కసారి తీసుకురండి" అన్నాడు. తెచ్చాను. హంతకుణ్ణి హీరో పట్టుకున్నాడు, మా డ్రైవర్ కారు తలుపు తీసి పట్టుకుని నిలబడ్డాడు. ఆ చివరి భాగాన్ని నేను ఇప్పటికీ తిరిగి చదవలేను.

నాకంటే చాలా పెద్దవాళ్ళే ఇందులో కాలు జారారు. జేమ్స్ బాండ్‌ని పుట్టించిన ఇయాన్ ఫ్లెమింగ్ 1962లో 'ద స్పై హూ లవ్డ్ మి' అనే నవలని వివియెన్ మిషెల్ అనే అమ్మాయి చేత చెప్పించాడు. బాండ్ చివరి మూడో వంతులో గానీ రాడు. వచ్చాక మాత్రం తుపాకులూ మంటలూ అన్నీ ఆయనవే. అప్పటిదాకా తన బతుకు గురించి తానే మాట్లాడుకున్న అమ్మాయి, అక్కణ్ణుంచి కాపాడబడే అమ్మాయి అయిపోతుంది. విమర్శకులు ఉతికి ఆరేశారు. ఫ్లెమింగ్‌కే అది నచ్చక బ్రిటన్‌లో చవక ప్రతి వేయొద్దని కోరాడు. ఆయన పోయేదాకా వేయలేదు కూడా. ప్రయోగం చెడ్డదని నేననను. హీరో ఒకసారి గదిలోకి వస్తే పాఠకుడి కళ్ళు ఇక వేరేవైపు తిరగవు, అంతే.

కాబట్టి హీరోని ఎలా బయట ఉంచాలన్నది నవల మొదలుపెట్టేముందే తేల్చుకో. కిమ్ షేర్‌వుడ్ అనే రచయిత్రి 2022లో మిగతా డబుల్ ఓ ఏజెంట్ల మీద, అంటే బాండ్‌లాగే చంపడానికి అనుమతి ఉన్న గూఢచారుల మీద నవల రాస్తూ బాండ్‌ని ఏకంగా మాయం చేసేసింది. ఆయన కనపడకుండా పోయాడన్న దిగులు కథంతా ఉంటుంది, మనిషి మాత్రం అడ్డం రాడు. వసీమ్ ఖాన్ అనే రచయిత 2025లో క్యూ మీద, అదే బాండ్‌కి పనిముట్లు చేసిచ్చే ఆయన మీద, రాసిన 'క్వాంటమ్ ఆఫ్ మెనేస్' దారి వేరు. అక్కడ క్యూని బ్రిటన్ గూఢచారి సంస్థ ఎంఐ6 నుంచి పంపేస్తారు. ఆయన తన చిన్న ఊరికి తిరిగి వెళ్ళి, చిన్ననాటి స్నేహితుడి చావు వెనకున్న గుట్టు వెతకడం మొదలుపెడతాడు. నీ నవలకి ఈ రెండో దారే సరిపోతుందని నాకనిపిస్తోంది. నీ ఆవిడ ఎలాగూ రిటైరైంది. హీరో దగ్గర్నుంచి ఒక్క ఫోను రానీ, అది కూడా తప్పు సమయంలో. అంతకు మించి వద్దు.

గూఢచారి నవలలో శత్రువెవరో చాలాసార్లు ముందే తెలిసిపోతుంది. జరగబోయేదాన్ని ఆపగలడా లేదా అన్నదే అక్కడి టెన్షన్. మిస్టరీలో జరగాల్సింది జరిగిపోయి ఉంటుంది, అక్కణ్ణుంచి కథ వెనక్కి తవ్వుకుంటూ పోతుంది. మొదటిదానికి పరిగెత్తే మనిషి కావాలి, రెండోదానికి కూర్చుని చూసే మనిషి చాలు. గూఢచారి సీరీస్‌లో హీరో పరిగెడుతుంటే ఆఫీసులో కూర్చుని చూసేదెవరు? టైపు కొట్టేవాళ్ళు, ఫైళ్ళు చూసేవాళ్ళు, పనిముట్లు చేసిచ్చేవాళ్ళు. వాళ్ళని మిస్టరీలోకి తేవడానికి నువ్వు కొత్తగా నేర్పాల్సింది పెద్దగా ఏమీ లేదు. ఇన్నేళ్ళుగా వాళ్ళు చేస్తున్న పనే అక్కడ పనికొస్తుంది.

నువ్వు ఇంకా సరిగ్గా పట్టుకోనిది ఇదే. హీరోకి తెలియనిది నీ మనిషికి ఏం తెలుసు? ఈ ఒక్క ప్రశ్నకి జవాబు దొరికేదాకా పెన్ను ముట్టుకోకు.

ఫ్లెమింగ్ విషయంలో ఆ జవాబు పోస్టులో వచ్చింది. 1956లో గ్లాస్గో నుంచి జెఫ్రీ బూత్రాయిడ్ అనే తుపాకుల నిపుణుడు ఆయనకి ఉత్తరం రాశాడు. బాండ్ వాడే బెరెట్టా ఆడవాళ్ళ తుపాకీలా ఉంది, ఆ పనికి అది చాలదు అని దులిపేశాడు. ఫ్లెమింగ్ కోపం తెచ్చుకోలేదు. 1958లో వచ్చిన 'డాక్టర్ నో'లో మేజర్ బూత్రాయిడ్ అనే ఆయుధాల అధికారిని పెట్టి, ఆయన చేతే బాండ్ తుపాకీ మార్పించి వాల్తర్ పీపీకే ఇప్పించాడు. మనం క్యూ అని పిలుచుకునే పాత్రకి మొదలు అదే. చూశావా, ఆ పాత్ర పుట్టుకలోనే హీరోని తప్పుపట్టే హక్కు ఉంది! పుస్తకాల్లో క్యూ బ్రాంచి ఒక విభాగం మాత్రమే. ఆ అక్షరం ఒక మనిషికి పేరుగా స్థిరపడింది సినిమాల వల్ల. డెస్మండ్ లెవెలిన్ 1963 నుంచి 1999 దాకా 17 సినిమాల్లో వేసి, ఆ చిరాకు ముసలాయన్ని మన ఇంటి మనిషిని చేశాడు. సినిమా మొత్తంలో ఆయన కనిపించేది కాసేపే. ఆ కాసేపట్లోనూ బాండ్ మందలింపులు తింటాడు.

ఇప్పుడు నీ ఆవిడ దగ్గరికి రా. ముప్ఫై ఏళ్ళు ఫైళ్ళు కట్టిన మనిషి ఏం చూస్తుంది? చనిపోయిన అధికారి బల్ల మీద ఫైలుంటే అందరూ అందులో ఏం రాసుందో చదువుతారు. ఆవిడ ట్యాగు ముడి చూస్తుంది. ముడి ఎడమచేతి వాటం వాళ్ళు వేసినట్టుంది. పేజీల మూల నంబర్లు దిద్ది ఉన్నాయి. ఆఫీసుకి వచ్చిన కాగితాల మీద వేసే ఇన్‌వర్డ్ ముద్ర మీద తేదీ ఉంది గానీ, ఆ వారమంతా ఆఫీసులో వాడిన సిరా రంగు అది కాదు. ఇలాంటివి నీ హీరోకి వంద జన్మలెత్తినా కనపడవు. నువ్వేమో 27వ పేజీలో ఆవిడ చేత తలపిన్నుతో తాళం తీయించావు. తాళాలు తీసేవాళ్ళు ఊళ్ళో బోలెడుమంది. ట్యాగు ముడి చదివేది ఆవిడ ఒక్కతే.

ఆ ఆధారాలన్నీ పాఠకుడి కళ్ళ ముందే పెట్టాలి సుమా. ముడి సంగతి అయిదో అధ్యాయంలో మామూలు వర్ణనలో కలిపేసి, ఇరవయ్యో అధ్యాయంలో దాని అర్థం చెప్పు. ఆవిడకి ఆఫీసు రహస్యాలు తెలుసు కదా అని చివర్లో ఎప్పుడూ వినని ఫైలొకటి బయటికి తీస్తే పాఠకుడు పుస్తకం విసిరికొడతాడు, కొట్టాలి కూడా. గూఢచారి ఆఫీసు నుంచి వచ్చిన పాత్రతో ఇదో పెద్ద ప్రమాదం. ఒక ఫోను చేస్తే చాలు, ఎవరి చరిత్రైనా చేతికొస్తుంది. ఆ ఫోను తీగ నువ్వే కోసేయాలి. గుర్తింపు కార్డు లాగేసుకో. పాత సహోద్యోగులు ఫోను ఎత్తకూడదు. ఊళ్ళో ఇన్‌స్పెక్టరు "మీరెవరమ్మా అసలు?" అని అడగాలి. ఇంత కాలం ప్రభుత్వం వెనక నిలబడి మాట్లాడిన మనిషి, ఇప్పుడు ఉత్త పక్కింటి పెద్దావిడగా తలుపు తట్టాల్సి రావాలి.

గూఢచారి నవలల రచయిత జాన్ లె కారె ఈ పని ఎంత తేలిగ్గా చేశాడో చూడు. 1962లో వచ్చిన ఆయన రెండో నవలలో, ఆయన గూఢచారి పాత్ర జార్జ్ స్మైలీ ఒక స్కూల్లో జరిగిన హత్య వెనక పడతాడు. ఏ ప్రభుత్వమూ పంపలేదు. యుద్ధకాలంలో కలిసి పనిచేసిన ఒకావిడ ఒక చిన్న పత్రిక నడుపుతోంది. భర్త తనని చంపేలా ఉన్నాడని ఒక పాఠకురాలు ఆవిడకి ఉత్తరం రాస్తుంది. ఆ ఉత్తరం ఒక్కటే ఆధారం. మరుసటి ఏడాది వచ్చిన నవలలో అదే స్మైలీ కథ అంచున ఎక్కడో ఉంటాడు, 1974కి మళ్ళీ నట్టనడుమకి వస్తాడు. ఇక స్మైలీ సహాయకుడు పీటర్ గిల్లమ్‌కి తన కథ తాను చెప్పుకునే వంతు 2017లో గానీ రాలేదు. అప్పటికి ముసలివాడై ఫ్రాన్స్‌లో పొలం పనులు చూసుకుంటున్నాడు. ఎప్పుడో చేసిన పనికి ఇప్పుడు లెక్క చెప్పమని ఆఫీసు పిలిపిస్తుంది. రిటైరైన మనిషి కథకి ఇంతకంటే మంచి తలుపు నాకు కనపడలేదు. నీ ఆవిడ కట్టిన పాత ఫైళ్ళలో ఒకటి ఆవిడ మెడకే చుట్టుకుంటే ఎలా ఉంటుందో ఆలోచించు.

చిన్న పాత్రల్లో ఖాళీలు ఎక్కువ. మనకి పెట్టుబడి అవే. ఫ్లెమింగ్ పుస్తకాల్లో బాండ్ పై అధికారి సెక్రటరీ మిస్ మనీపెన్నీకి సొంత పేరే లేదు. సమంతా వైన్‌బర్గ్, కేట్ వెస్ట్‌బ్రూక్ అన్న పేరుతో 2005 నుంచి రాసిన డైరీల్లో ఆమెకి జేన్ అని పెట్టింది. 2012లో సినిమావాళ్ళు ఈవ్ అన్నారు. ఖాళీ ఉంది కాబట్టే ఇద్దరికీ చెల్లింది. కానీ నువ్వు ఖాళీ నింపేముందు, ఇంతకుముందు ఏం రాశావో ఒక నోటుపుస్తకంలో ఎక్కించుకో. నీ రెండో నవలలో ఆవిడకి అక్క ఉంది. ఈ 60 పేజీల్లో ఆవిడ ఏకైక సంతానం అయిపోయింది. నేను పట్టుకున్నానంటే నీ పాఠకులు పది నిమిషాల్లో పట్టుకుంటారు.

ఒక్కోసారి అసలు రచయితే తెలియకుండా ఒక మిస్టరీ నవల పారేసి పోతాడు. బాండ్ మిత్రుడైన అమెరికా గూఢచారి ఫీలిక్స్ లీటర్‌నే చూడు. 1954 నవలలో సొరచేప వాతపడి చేయీ కాలూ పోగొట్టుకున్నాడు. 1956 నవలలో పింకర్టన్ డిటెక్టివ్ సంస్థలో చేరి కనిపిస్తాడు. ఉద్యోగం పోయింది, ఒళ్ళు దెబ్బతింది, చేతిలో కొత్త కేసులున్నాయి. ఇంకేం కావాలి! నా వయసు నలభై తక్కువైతే నేనే రాసేదాన్ని.

బాండ్ మనుషులతో కూడా ఒకటి రాయొచ్చా అని అడిగావు. మన దేశంలో రచయిత పోయాక 60 ఏళ్ళు హక్కులుంటాయి. ఫ్లెమింగ్ 1964లో పోయాడు కాబట్టి, ఆయన బతికుండగా వచ్చిన పుస్తకాలకి 2024తో ఆ గడువు తీరింది. బ్రిటన్‌లో 70 ఏళ్ళు, అంటే 2034 చివరిదాకా ఆగాలి. అమెరికా లెక్క ఇంకోటి, అది అచ్చైన ఏడాది నుంచి 95 ఏళ్ళు. ఇంటర్నెట్‌లో పెట్టిన పుస్తకం ఏ దేశంలో ఆగుతుంది చెప్పు? పైగా సినిమాలు కల్పించిన క్యూ, ఆయన పనిముట్లు, ఆ మాటతీరు సినిమావాళ్ళ సొత్తు. నామాట విని నీ ఆవిడతోనే ఉండు. ఆవిడ మీద ఎవరి అనుమతీ అక్కర్లేదు.

పాత మూడు నవలలూ చదవనివాళ్ళ కోసం మొదటి అధ్యాయంలో రెండు పేజీల పూర్వకథ పెట్టావు. తీసెయ్. ఆవిడ ఎవరో ఆవిడ పనే చెబుతుంది. పాత పాఠకులకి మాత్రం అక్కడక్కడా ఒక చిన్న గుర్తు వదులు, పగిలిన ఆ నీలం కప్పులాంటిది. కొత్తవాళ్ళకి అది ఉత్త కప్పే, కథకి నష్టమేమీ లేదు.

12వ పేజీలో చనిపోయినాయన కళ్ళజోడు మడిచి పెట్టి ఉందని రాశావు. అది ఆధారమా, లేక ఊరికే రాశావా? ఆధారమైతే దాని మీద ఇంకో వాక్యం కూడా పెట్టకు, అద్భుతంగా ఉంది. ఊరికే రాసుంటే ఆధారం చెయ్. 41వ పేజీ నుంచి చించేసి మళ్ళీ రాసి పంపు. ఈసారి ఆవిడ టీ కలిపితే, అది తను తాగడానికే అయ్యుండాలి.

నీ పెద్దమ్మ