అమ్మలూ, కొరియా వచ్చే ముందు ఫోన్ సంగతి చూసుకో

అమ్మలూ,

ఆరు నెలల చదువుకి ఇక్కడికి వస్తూ, ఫోన్‌లో వేసుకోవాలని నువ్వు పంపిన యాప్‌ల లిస్టు చూశాను. ఏ వీడియో చూసి రాసుకున్నావో గానీ, అందులో సగం నువ్వు దిగిన మొదటి నెలలో పనిచెయ్యవు. ఇక్కడి యాప్‌లు చాలావాటికి ఈమెయిలూ పాస్‌వర్డూ సరిపోవు, నీ పేరు మీద ఉన్న కొరియా ఫోన్ నంబరుతో నువ్వు నువ్వేనని తేలాలి. ఆ నంబరుకి విదేశీయులకిచ్చే గుర్తింపు కార్డు, రెసిడెన్స్ కార్డు కావాలి, ఆ కార్డు కోసం దిగిన 90 రోజుల్లోపు ఇమ్మిగ్రేషన్ ఆఫీసులో రిజిస్టర్ అవ్వాలి, దానికి ఇమ్మిగ్రేషన్ వాళ్ల హైకొరియా సైట్‌లో ముందే అపాయింట్‌మెంట్ పట్టుకోవాలి, సెమిస్టర్ మొదట్లో అవి తొందరగా దొరకవు. యూనివర్సిటీ వాళ్లు విద్యార్థులందరికీ కలిపి చేయిస్తామంటే మాత్రం మారు మాట్లాడకుండా పేరిచ్చేయి.

మన పేర్లతో ఇంకో తలనొప్పి ఉంది. నీ పేరేమో రైలు పెట్టెలంత పొడుగు. ఫోన్ షాపు అబ్బాయి ఇంటిపేరు చివర్లో కొడతాడు, బ్యాంకులో ఆవిడ అక్షరాలన్నీ కలిపేస్తుంది, ఇంకెక్కడో చివరి రెండక్షరాలు గడిలో పట్టక ఎగిరిపోతాయి. ఆ తర్వాత ఏ యాప్ తెరిచినా వివరాలు సరిపోలలేదంటుంది, ఎవరిని అడగాలో అర్థం కాదు. అందుకని ప్రతి చోటా కార్డు ముందు పెట్టి, అందులో ఎలా ఉందో అలాగే, ఖాళీలతో సహా కొట్టమను. కొట్టాక స్క్రీన్ చూపించమని అడుగు, మొహమాటపడకు.

ఇవన్నీ అయ్యేదాకా నువ్వు టూరిస్టువే అనుకో. టూరిస్టుగా ఉండగా నాలుగైదు యాప్‌లు చాలు.

మొదటిది కకావో టాక్, మన వాట్సాప్ లాంటిది. 2010లో వచ్చింది, ఇప్పుడు ఆఫీసూ, కాలేజీ ప్రాజెక్టు గ్రూపూ, ఇంటి ఓనరూ, అన్నీ అందులోనే. వాట్సాప్ ఉందా అని అడిగితే చాలామంది లేదనే అంటారు. దాన్ని ఇండియా నంబరుతోనే బయల్దేరే ముందు మొదలుపెట్టుకో, ఇక్కడి నంబరు వచ్చాక సెట్టింగ్స్‌లో మార్చుకోవచ్చు. అందులో మెసేజ్ పక్కన చిన్న అంకె కనిపిస్తుంది, ఇంకా ఎంతమంది చదవలేదో చెప్పే లెక్క అది, ఒక్కొక్కరూ చదివేకొద్దీ తగ్గుతూ వస్తుంది. కాబట్టి నువ్వు చూసి ఊరుకున్నావన్న సంగతి అవతలివాళ్లకి తెలిసిపోతుంది, కనీసం సరే అనైనా జవాబివ్వు. గ్రూపులోంచి బయటికి రావాలనుకుంటే నిశ్శబ్దంగా తప్పుకునే ఆప్షన్ 2023 నుంచి ఉంది, అది వాడు. పుట్టినరోజులకి కకావోలోనే కాఫీ కూపన్లు పంపుకుంటారు, నీకూ వస్తాయి. వాటికి గడువు తేదీ ఉంటుంది, దాచుకుని మర్చిపోకు.

దారికి గూగుల్‌ని నమ్ముకోకు. వివరమైన మ్యాప్ డేటాని దేశం దాటించడానికి ఇక్కడి ప్రభుత్వం ఏళ్ల తరబడి ఒప్పుకోలేదు, అందుకే బస్సులూ మెట్రో చూపించినా నడక దారి దగ్గర గూగుల్ చేతులెత్తేస్తూ వచ్చింది. నేవర్ మ్యాప్ వేసుకో, ఇంగ్లీషులో ఉంది. ఇంగ్లీషు స్పెల్లింగ్ కొడితే ఒక్కోసారి ఏ హోటలూ రాదు, అప్పుడు కొరియన్‌లో ఉన్న పేరుని కాపీ చేసి వెతుకు, లేదా రమ్మన్నవాళ్లనే లొకేషన్ లింక్ పంపమను. ఇక్కడ గంగ్నమ్ స్టేషన్‌లో కలుద్దాం అని ఊరికే అనరు, 11వ ఎగ్జిట్ దగ్గర అంటారు. ఆ అంకె వినకుండా వెళితే భూమిలోపలే అరగంట తిరుగుతావు. మధ్యాహ్నం మూడు నుంచి ఐదు దాకా చాలా హోటళ్లు మూసేస్తారు, ఆ సంగతి కూడా మ్యాప్‌లోనే రాసి ఉంటుంది, ఆకలి మీద బయల్దేరే ముందు చూసుకో.

ట్యాక్సీకి కకావో టి. ఎక్కడికో డ్రైవర్‌కి ముందే తెలిసిపోతుంది కాబట్టి మాటల అవసరం పడదు, డబ్బులు దిగేటప్పుడు ఇస్తానని పెట్టుకో. ఇండియా కార్డు యాప్‌లోనే పెట్టాలనుంటే అదే కంపెనీ విదేశీయుల కోసం 2024లో తెచ్చిన కె.రైడ్ ప్రయత్నించు.

అనువాదం చేసిపెట్టే పాపగో తప్పకుండా ఉండాలి. అందులో హిందీ ఉంది గానీ తెలుగు లేదు. నేనైతే ఇంగ్లీషులో చిన్న చిన్న వాక్యాలు కొట్టమంటాను. కొరియన్‌లోకి మార్చేటప్పుడు మర్యాదగా మాట్లాడే బటన్ ఒకటుంటుంది, అది ఎప్పుడూ ఆన్‌లోనే ఉంచు, లేకపోతే ప్రొఫెసర్ గారిని ఏరా అన్నట్టు ఉంటుంది. వాషింగ్ మెషీన్ బటన్లూ, మందుల డబ్బాలూ ఫొటో తీసినా చదివి పెడుతుంది. నువ్వు మాంసం ముట్టవు కదా, ప్యాకెట్ మీద పదార్థాల లిస్టు ప్రతిసారీ దీంతో చూడు, కూరగాయల సూప్‌లా కనిపించేదాంట్లో కూడా ఎండు చేపల నీళ్లుంటాయి. హోటల్లో శాకాహారం అంటే హామ్ తీసేసి ఇస్తారు, చేపల సంగతి విడిగా చెప్పాల్సిందే.

నంబరు వచ్చాక తాంగున్ పెట్టుకో, ఆరు నెలలకి కొత్త కుర్చీలూ రైస్ కుక్కరూ కొనడం దండగ. చుట్టుపక్కలవాళ్లు వాడిన సామాన్లు అమ్ముతారు. అందరికీ ఒక టెంపరేచర్ ఉంటుంది, 36.5 డిగ్రీల దగ్గర మొదలై మంచిగా ఉంటే పెరుగుతుంది. తగ్గినవాళ్ల జోలికి పోకు, వస్తువు చేతిలోకి రాకముందు డబ్బు వెయ్యకు. సామాన్లు తెప్పించుకునే కూపాంగ్, తిండి తెప్పించుకునే పేమిన్ కూడా అప్పుడే చూసుకోవచ్చు, తొందరేం లేదు. కాలేజీ పిల్లలు వాడే ఎవ్రీటైమ్ యాప్ గురించి నీ క్లాసువాళ్లే చెప్తారు. టైమ్‌టేబుల్‌కి బాగుంటుంది గానీ అందులో పేరు చెప్పకుండా రాసే పోస్టులు చదువుతూ కూర్చోకు, మనసు పాడవుతుంది.

ఫోన్‌పే అలవాటు పక్కన పెట్టు. వీసానో మాస్టర్‌కార్డో ఒకటి, బస్సుకీ మెట్రోకీ వాడే టీమనీ కార్డులో వేసుకోవడానికి కాస్త నోట్లు దగ్గరుంచుకో. ముఖ్యంగా నీ ఇండియా సిమ్‌ని రోమింగ్‌లో పెట్టించి తీసుకురా, మీ బ్యాంకు ఓటీపీలు దానికే వస్తాయి. సిమ్ ఇంట్లో వదిలేసి వస్తే ప్రతిదానికీ మీ నాన్న ఫోన్ దగ్గర కూర్చోవాలి.

ఒక్కోసారి ఫోన్లన్నీ ఒకేసారి పెద్దగా మోగుతాయి, టెన్షన్ పడకు. వానలకీ వేడికీ భూకంపానికీ ప్రభుత్వం పంపే హెచ్చరికలవి, తప్పిపోయినవాళ్ల వివరాలు కూడా అలాగే వస్తాయి. కొరియన్‌లో ఉంటే పాపగోలో పెట్టి చదువు. ఏదీ తోచకపోతే 1330కి ఫోన్ చెయ్యి, టూరిస్టుల కోసం పెట్టిన లైన్, ఇంగ్లీషులో మాట్లాడతారు. పోలీసులకి 112, అంబులెన్సుకి 119.

కకావో ఐడీ పెట్టుకున్నాక నాకు పంపు, అపాయింట్‌మెంట్ స్లాట్లు ఇద్దరం కలిసి చూద్దాం.

మీ పిన్ని